మీ తరువాత సంఘాన్ని నడిపేదెవరు? యువకులను తయారుచేసే పెద్దలకు కొన్ని మాటలు

బెంగళూరులో తెలుగు క్రైస్తవ సంఘాలకు వచ్చేవాళ్ళకు కొరత లేదు. కె.ఆర్.పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, ఎటు వెళ్ళినా ఆదివారం ఉదయం తెలుగు పాట వినబడే హాలు ఒకటి ఉంటుంది. కొరతంతా బాధ్యత నెత్తిన వేసుకునే మగవాళ్ళకే. పాస్టర్ గారు ఊళ్ళో లేని ఆదివారం వాక్యం ఎవరు చెప్పాలో శనివారం రాత్రి దాకా తేలదు. ఎవరైనా చనిపోతే సమాధి కార్యక్రమం జరిపించడానికి వేరే సంఘం నుంచి ఎవరినో బతిమాలి తెచ్చుకోవాలి. కుర్చీలు వేసేది, కానుకలు లెక్కపెట్టేది, రోగులను చూసివచ్చేది అంతా ఎప్పుడూ ఆ నలుగురే.

నేను దూరవాణి నగర్‌లో ఐ.టి.ఐ. (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఫ్యాక్టరీ టూల్ రూంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కె.ఆర్.పురం పక్కన ఒక తెలుగు సంఘంలో పెద్దగా ఉన్నాను. కుర్రాళ్ళను దగ్గర పెట్టుకుని పరిచర్యకు తయారుచేయడం సంఘం నాకు అప్పగించిన పని. ఈ పని మొదలుపెట్టాలనుకుంటున్న పెద్దల కోసం, నడివయసు విశ్వాసుల కోసం రాస్తున్నాను. మీ సంఘానికి దర్శనం, అంటే ముందుచూపు, ఉందో లేదో తెలుసుకోవడానికి బిల్డింగ్ ప్లాన్ చూడక్కర్లేదు. పదేళ్ళ తరువాత ఈ సంఘాన్ని నడిపేవాళ్ళ పేర్లు చెప్పమని మీ పెద్దల మీటింగ్‌లో అడగండి. నాలుగు పేర్లు వస్తే దర్శనం ఉన్నట్టే. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఆ పని ఈ వారమే మొదలుపెట్టాలి.

ఎవరిని ఎంచుకోవాలి

ముందు ప్రార్థన చేయండి. పన్నెండుమందిని ఏర్పరచుకునే ముందు యేసు ప్రభువు రాత్రంతా కొండమీద ప్రార్థనలో గడిపాడని లూకా 6:12, 13లో ఉంది. ఆయనే అంతసేపు ప్రార్థించి ఎంచుకుంటే మనం యూత్ మీటింగ్‌లో చేతులెత్తించి ఎంచుకోవడం తగదు.

మన కళ్ళు సహజంగా గిటార్ వాయించేవాడి మీదికో, మైకు దొరికితే బాగా మాట్లాడేవాడి మీదికో పోతాయి. ఈ ఊళ్ళో ఇంకో ఆకర్షణ ఉంది, ఆఫీసులో హోదా. కంపెనీలో మేనేజరైతే సంఘంలోనూ మేనేజర్ పని చేయగలడని అనుకుంటాం. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, పేదవాణ్ణి కింద కూర్చోమనేవాళ్ళను యాకోబు ఎంత గట్టిగా గద్దించాడో రెండో అధ్యాయం తీసి చూడండి.

నేను చూసేవి వేరే. ఆరాధన అయ్యాక ఎవరూ చెప్పకుండా చాపలు చుట్టేది ఎవరు? రెండు వారాలుగా రాని మనిషి గురించి "ఆయన కనబడట్లేదు అంకుల్, ఒంట్లో బాగుందా?" అని అడిగేది ఎవరు? తప్పు చెబితే మొహం మాడ్చుకోకుండా వినేది ఎవరు? తీసుకున్న అప్పు చెప్పిన తారీఖుకు తీర్చేది ఎవరు? కొత్తగా చేరినవాణ్ణి వెంటనే పెద్ద చేయవద్దని, గర్వంతో పడిపోతాడని పౌలు 1 తిమోతి 3:6లో హెచ్చరించాడు. పరిచారకుల విషయంలో కూడా ముందు పరీక్షించి తరువాతే పని ఇవ్వమన్నాడు. కాబట్టి పేరు పెట్టకుండా, పదవి ఇవ్వకుండా ఆరు నెలలు గమనించండి.

ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి తీసుకోవద్దు. పదిమందిని కూర్చోబెట్టి చెబితే అది క్లాసు అవుతుంది. మార్కు 3:14 ప్రకారం ప్రభువు ఆ పన్నెండుమందిని మొదట "తనతో ఉండడానికి" నియమించాడు, పంపించడం ఆ తరువాతే. మీతో ఉండడానికి ఎంతమందికి మీ ఇంట్లో, మీ వారంలో చోటుందో అంతమందే.

ఎంచుకునేటప్పుడు ఒకే రకం వాళ్ళను తీసుకోకండి. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడుతున్న మేస్త్రీలు, కూలీలు ఎంతోమంది మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటారు. ఆ అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళూ తెలుగువాళ్ళే. ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి వాక్యం చదివించండి. ఒక మేస్త్రీ తన మాటల్లో కీర్తన 127ను, యెహోవా ఇల్లు కట్టించనియెడల కట్టువారి ప్రయాస వ్యర్థమన్న మాటను వివరిస్తుంటే పక్కనున్న ఇంజనీర్ నోట్‌బుక్ తీసి రాసుకోవడం నేను చూశాను.

మొదటి నెలల్లో ఏం చేయాలి

ఈ ఊరి ట్రాఫిక్‌లో వారం మధ్యలో సాయంత్రం కలుద్దామంటే జరిగే పని కాదు. శనివారం పొద్దున్నే ఆరున్నరకు, రోడ్లు నిండకముందే కలవండి. నైట్ షిఫ్ట్ వాళ్ళయితే ఆదివారం ఆరాధన తరువాత మీ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళండి. మీ భార్యతో మీరెలా మాట్లాడతారో, పిల్లలు విసిగిస్తే ఏం చేస్తారో వాడు చూడాలి. తన ఇంటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని లేఖనం అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు మీ వంటింటి గుమ్మం దగ్గర కనబడుతుంది.

మొదట్లో పాఠాలు పెట్టుకోకండి, వినండి. బైబిలు చదవడం, ఫోను, డబ్బు, ఇల్లు, ఈ నాలుగింటి గురించి ప్రతిసారీ అడగండి. "ఎలా ఉన్నావు బ్రదర్?" అంటే "దేవుని కృప అంకుల్" అనే జవాబు తప్ప ఇంకేం రాదు. "రాత్రి పన్నెండు తరువాత ఫోనులో ఏం చూస్తున్నావు నాన్నా?" అని మెల్లగా అడిగితే నిజం బయటికొస్తుంది. పి.జి. (పేయింగ్ గెస్ట్) గదిలో ఒంటరిగా ఉండే కుర్రాడికి అశ్లీల వీడియోలు, క్రికెట్ బెట్టింగ్, లోన్ యాప్‌లు అన్నీ ఒకే ఫోనులో ఉంటాయి. అడిగేవాళ్ళు లేక చాలామంది లోలోపల కుమిలిపోతుంటారు.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒక కాగితం మీద జీతం, గది అద్దె, ఈఎంఐలు, క్రెడిట్ కార్డు బాకీ, ఇంటికి పంపేది, కానుక, వరుసగా రాయించండి. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ అంటే ఉలిక్కిపడే కుటుంబంలో పుట్టినవాడే, కార్డు మీద మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ నెలకు అంతకంటే ఎక్కువ వడ్డీ కడుతుంటాడు. ఆ సంగతి తనకే తెలియదు. మిగతా ఖర్చులు ఆపి ముందు ఆ కార్డు బాకీ తీర్చే దారి చూపించండి. అప్పుల్లో ఉన్నవాడి చేతికి కానుకల పెట్టె ఇవ్వడం వాడికే అన్యాయం.

పెళ్ళి మాట వచ్చినప్పుడు మొహమాటపడకండి. మన తెలుగు క్రైస్తవుల్లో కట్నం ఇంకా నడుస్తోంది. "మేమేమీ అడగలేదు, వాళ్ళే ఇష్టపడి ఇచ్చారు" అనే మాట ప్రతి ఇంట్లో వింటాం. కట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది, తీసుకున్నా ఇచ్చినా నేరమే. చట్టం సంగతి అటుంచినా, సంఘం కోసం తన్నుతాను అప్పగించుకున్న క్రీస్తులా భార్యను ప్రేమించమని ఎఫెసీ పత్రికలో చదివినవాడు మామగారితో బేరం ఎలా ఆడతాడు? రేపు పెద్దగా నిలబడాలనుకునే కుర్రాడు కట్నం తీసుకోనని ఇంట్లో చెప్పేటప్పుడు మీరు పక్కన ఉండాలి. అవసరమైతే మీరే వాళ్ళ ఊరికి వెళ్ళి, "అమ్మా, అయ్యా, వీడి నిర్ణయానికి మీ ఆశీర్వాదం కావాలి" అని అడగాలి. కులం చూసి సంబంధాలు కలుపుకునే అలవాటు గురించి కూడా ఇంతే సూటిగా మాట్లాడాలి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, సంబంధం దగ్గర గీత గీసుకునే సంఘానికి సువార్త గురించి చెప్పే అధికారం ఏముంటుంది?

కుర్రాడు మీకు చెప్పింది మీ దగ్గరే ఉండాలి. ప్రార్థనాంశం పేరుతో కూడా బయట పెట్టకూడదు. ఒక్క విషయంలో మాత్రం మొదటిరోజే చెప్పేయండి, పిల్లలపై లైంగిక హాని గురించి తెలిస్తే దాచడం కుదరదని. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే శిక్ష ఉంది. సండే స్కూల్లో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలనే నియమం, తలుపు తీసి ఉంచాలనే నియమం కూడా కుర్రాళ్ళకు ఇప్పుడే అలవాటు చేయండి.

చేతికి పని ఇవ్వండి

టూల్ రూంలో అప్రెంటిస్ కుర్రాడి చేతికి మొదట ఆకురాయి ఇచ్చి ఇనుప ముక్కను చదును చేయమనేవాళ్ళం. పక్కనే నిలబడి చూసేవాళ్ళం, వాడి చేతిలోంచి ఆకురాయి లాక్కునేవాళ్ళం కాదు. సంఘంలోనూ అంతే చేయాలి. మనం చేస్తుంటే వాడు చూడాలి, తరువాత ఇద్దరం కలిసి చేయాలి, ఆ తరువాత వాడు చేస్తుంటే మనం వెనక కూర్చోవాలి. చాలా సంఘాల్లో ఈ మూడో మెట్టు రాదు, ఎందుకంటే పెద్దలకు వెనక కూర్చోవడం కష్టం.

రోగిని చూసిరావడంతో మొదలుపెట్టండి. కాకినాడ కుర్రాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రి వార్డుకు వెళ్ళాను. సెక్యూరిటీ గార్డుగా పనిచేసే మా సంఘం అన్నకు కాలు విరిగింది. లిఫ్ట్ దగ్గర కుర్రాడు, "ఏం మాట్లాడాలి అంకుల్?" అన్నాడు. "ముందేమీ మాట్లాడకు నాన్నా. కుర్చీ ఆయన తలవైపు లాక్కుని కూర్చో, మెడ తిప్పకుండా ఆయనకు నీ మొహం కనబడాలి. మంచం మీద కూర్చోకు, కాలు కదిలితే నొప్పి. ఎందుకొచ్చిందీ కష్టం అని నువ్వు అర్థం చెప్పకు" అన్నాను. లోపల కుర్రాడు అలాగే కూర్చున్నాడు. కాసేపయ్యాక ఆయనే జీతం పోతుందన్న భయం చెప్పుకున్నాడు. కుర్రాడు ఆయన భార్య వైపు చూసి, "అక్కా, మీరు టిఫిన్ చేశారా?" అని అడిగాడు. ఆమె నేల చూసింది. వాడు కిందికి వెళ్ళి ఇడ్లీ పొట్లం, ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చాడు. అది నేను నేర్పింది కాదు. తరువాత ప్రార్థన చేయమంటారా అని ఆయన్నే అడిగి, కీర్తన 121 చదివి, పక్క మంచాలవాళ్ళకు ఇబ్బంది లేకుండా చిన్న గొంతుతో రెండు నిమిషాలు ప్రార్థించాడు. ఇంతే పని. ఇది వచ్చినవాడికి ప్రసంగం నేర్పడం తేలిక.

ప్రసంగానికి మొదట పది నిమిషాలు, ఒకే లేఖన భాగం ఇవ్వండి, అదీ గృహకూడికలో. గురువారం ఫోన్ చేసి, ఆ భాగం ఏం చెబుతుందో ఒక్క వాక్యంలో చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకా చదవాలని అర్థం. యూట్యూబ్‌లో చూసిన బోధకుల గొంతు, అరుపు వాళ్ళకు తెలియకుండానే వచ్చేస్తాయి. ఇంట్లో అమ్మతో మాట్లాడే గొంతుతో చెప్పమనండి. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకు తెలుగు బైబిలు గబగబా చదవడం రాదు, సిగ్గుపడి తప్పుకుంటారు. రోజుకో అధ్యాయం బిగ్గరగా చదివి వాయిస్ మెసేజ్ పంపమనండి, రెండు మూడు నెలల్లో నాలుక తిరుగుతుంది. ప్రసంగం అయిన రోజు మాత్రం ఏ లోపమూ ఎత్తకండి. సోమవారం సాయంత్రం మాట్లాడండి, ఎవరికి ఏ మాట ధైర్యమిచ్చిందో ముందు చెప్పి, సరిచేయాల్సింది ఒక్కటే చెప్పండి.

లెక్కలు కూడా నేర్పాలి. విరాళాల విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు ఇతరులను తోడు తీసుకున్నాడు, 2 కొరింథీ 8:20, 21 చూడండి. కానుకలు లెక్కపెట్టేవాళ్ళు ఇద్దరుండాలి, వాళ్ళు ఒకే కుటుంబంవాళ్ళు కాకూడదు, ఇద్దరూ సంతకం పెట్టాలి, సోమవారం బ్యాంకులో వేయాలి. గోడమీది క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే ఉండాలి, ఎవరి సొంత నంబరూ ఉండకూడదు. సంఘం సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై, ఏటా ఆడిట్ జరగాలి. విదేశీ విరాళాలకు 2010 ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వర్తిస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాడు ప్రేమతో పంపినా అది విదేశీ విరాళమే, అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఇవన్నీ తెలిసిన ముప్పై ఏళ్ళ యువకుడు సంఘానికి పెద్ద ఆస్తి.

దర్శనం అంటే ఏం చూడాలి

యువకులను కూర్చోబెట్టి మన సంఘం చుట్టూ ఎవరున్నారో ఒక కాగితం మీద రాయమనండి. మేం అలా చేసినప్పుడు రెండు సంగతులు తేలాయి. ఒకటి షెడ్లలో ఉండే కూలీలు, వాళ్ళకు ఆదివారం కూడా పనే, కాబట్టి కూడిక రాత్రి ఎనిమిదికి వాళ్ళ దగ్గరే పెట్టాలి. రెండోది మన సొంత పిల్లలు. బెంగళూరులో పుట్టిన పిల్లలు స్కూల్లో ఇంగ్లీషు, కన్నడ చదువుతారు. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. తల్లిదండ్రులు కళ్ళు మూసుకుని పాడే పురుషోత్తమ చౌదరి కీర్తన వాళ్ళకు అర్థం కాదు. ఇరవై ఏళ్ళు రాగానే వేరే సంఘానికి పోతారు, లేకపోతే అసలు మానేస్తారు. అందుకని సండే స్కూల్లో పాఠం ఇంగ్లీషులో చెప్పి, నెలకొక తెలుగు కీర్తన అర్థం విడమరిచి నేర్పించమని యువకులకే అప్పగించాం. ఆలోచించిందీ వాళ్ళే, నడుపుతున్నదీ వాళ్ళే. దర్శనం ఎవరి నోట పుడితే వాళ్ళకే దాని బరువు మోసే ఓపిక ఉంటుంది.

ఈ మాట చెప్పినప్పుడల్లా బిషప్ అజరయ్య గారి సంగతి గుర్తుచేస్తాను. తిరునెల్వేలి నుంచి తెలుగు గడ్డకు వచ్చి, తెలుగు నేర్చుకుని పరిచర్య చేసిన తమిళుడాయన. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన బిషప్‌గా ఉన్న డోర్నకల్‌లో కథీడ్రల్, అంటే బిషప్ ప్రధాన ఆలయం, ప్రతిష్ఠ జరిగింది మాత్రం 1939లో. ఆ మధ్య ఏళ్ళలో ఆయన పల్లెల్లో పనిచేసే ఉపదేశకులను, కాపరులను తయారుచేశారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట చెప్పించేవారు. చదువు రాని కూలీకి కూడా మొదటిరోజే బాధ్యత అప్పగించడం అది. మన దగ్గర పీజీ చదివినవాణ్ణి పదేళ్ళు వెనక బెంచీలో ఉంచుతున్నాం.

పడిపోయినవాడి సంగతి

మధ్యలో వదిలి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. పౌలు, బర్నబాలతో సువార్త యాత్రకు వెళ్ళిన మార్కు పంఫూలియలో వాళ్ళను విడిచి వెళ్ళిపోయాడు, అతన్ని మళ్ళీ తీసుకెళ్ళాలా వద్దా అని పౌలు, బర్నబా విడిపోయేంత వాదం జరిగింది. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు వెళ్ళాడు. చివరికి పౌలే, "మార్కును వెంటబెట్టుకుని రా, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు" అని రాశాడు. పాపంలో పడినవాణ్ణి వెంటనే మైకు ముందు నిలబెట్టకండి, అలాగని ఫోన్ చేయడం మానకండి. డబ్బు విషయంలో పడినవాడికి మళ్ళీ డబ్బు అప్పగించకుండా వేరే పని ఇవ్వండి. ఒక స్త్రీకి హాని చేసినవాడి విషయంలో మాత్రం ముందు ఆమె వైపు నిలబడాలి. అతని పరిచర్య సంగతి ఆ తరువాత.

ఎప్పుడు తప్పుకోవాలి

సంఖ్యాకాండము 27లో మోషే బతికుండగానే, యాజకుడి ఎదుట, సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచాడు. దాన్నే మాదిరిగా పెట్టుకోండి. బాధ్యత ఇచ్చే తేదీ ముందే చెప్పండి, ఆరాధనలో అందరి ముందు చేతులుంచి ప్రార్థించండి. తరువాతి ఆదివారం ఎవరైనా మీ దగ్గరికి పాత అలవాటుకొద్దీ సమస్య తెస్తే, "ఆ తమ్ముడితో మాట్లాడమ్మా, ఇప్పుడది ఆయన బాధ్యత" అని పంపించండి.

కాపరి కొడుకు కాపరి కావడం మన తెలుగు సంఘాల్లో మామూలైపోయింది. కొడుక్కి పిలుపు ఉంటే సంతోషమే. మిగతా యువకులతో పాటే చాపలు చుట్టి, లెక్కలు రాసి, పెద్దల పరీక్షలో నిలబడి రావాలి. సమూయేలు అంతటి దైవజనుడు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమిస్తే వాళ్ళు లంచాలు పుచ్చుకున్నారని 1 సమూయేలు 8లో రాసి ఉంది. సంఘం ఆస్తి కాదు గనుక వారసత్వంగా రాదు.

ఇక బెంగళూరులో మనకు తప్పని సంగతి, తయారైన కుర్రాడు కంపెనీ మారి హైదరాబాదుకో విదేశానికో వెళ్ళిపోవడం. బాధపడండి, కానీ ఆపకండి. వెళ్ళే ఊళ్ళోని సంఘానికి ఉత్తరం రాసివ్వండి, ఏ పని నేర్చుకున్నాడో అందులో స్పష్టంగా ఉండాలి. నోటీస్ పీరియడ్ మొదలైన రోజే, తను చేస్తున్న పని నేర్పడానికి ఒక తమ్ముణ్ణి ఎంచుకోమని చెప్పండి. ఆ రెండు మూడు నెలలూ ఆసుపత్రికి, గృహకూడికకు, కానుకల లెక్కకు ఇద్దరూ కలిసి వెళ్ళాలి. మీరు వెనక ఉండండి చాలు.